క్లారినెట్టు ఆగాకే మట్టి

తెనాలి ఆదాము బ్యాండులో ముందు వరసన నిలబడి క్లారినెట్టు ఊదే బర్నబాసు పదో తరగతి గట్టెక్కలేదు గానీ, జీవితమంతా రీడు చేస్తూనే బతికాడు. క్లారినెట్టు మూతికి కట్టే వెదురు రేకును రీడు అంటారు. లోకం పుస్తకాలు చేతిలో పెట్టుకుని రీడ్ చేస్తే ఇతను నోట్లో పెట్టుకుని చేశాడు. పెళ్లి ఊరేగింపైనా, ఊరి చివరికి సాగనంపడమైనా బర్నబాసు ఊదితే ఊరు ఊగేది. ఊదనప్పుడు మాట్లాడేవాడు. మాట్లాడే ప్రతి మాటకీ ఓ మెలిక పెట్టి ఎదుటివాణ్ణి ఉడికించేవాడు. "నాది గాలి బతుకండీ, గాలివాటం బతుకు మాత్రం కాదు" అనేవాడు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే కాఫీ కారింది.

గ్లాసుకి చిల్లు పడిందనుకున్నాడు. ఇంకో గ్లాసులో పోసుకున్నాడు. అదీ కారింది. అద్దంలో చూసుకుంటే అప్పుడు తెలిసింది, చిల్లు పడింది మూతికని. ఎడమ పక్క ముఖమంతా ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. కన్ను మూతపడదు, మూతి ముడుచుకోదు. కిందటి రోజు పొన్నూరులో పెళ్లి వాయించి, వ్యాను వెనకాల ఎదురుగాలికి కూర్చుని వచ్చాడు. "గాలి కొట్టింది" అని తేల్చేశారు వీధిలోవాళ్లు. గాలితో బతికినవాణ్ణి గాలే కొట్టింది.

"ముఖ నరం వాచింది. చాలామందికి కొన్నాళ్లకి అదే సర్దుకుంటుంది" అన్నాడు గుంటూరు డాక్టరు. ఆ చాలామందిలో బర్నబాసు లేడు. ఎండాకాలంలో వాలిన మూతి వానాకాలం వెళ్లినా లేవలేదు. రోజూ బుడగలు ఊదమన్నారు. ఊదితే గాలి బుడగలోకి పోకుండా భుజం మీదికి పోయేది. వాయిద్యం పోయి వైద్యం మిగిలింది.

అంతకన్నా పెద్ద దెబ్బ మాటకి తగిలింది. రెండు పెదాలూ కలిస్తేగానీ పలకని అక్షరాలున్నాయి కదా, ప, బ, మ అని. అవి అతని నోటి కాపురం వదిలి లేచిపోయాయి. బ్యాండు అనలేడు, పాట అనలేడు, తన పేరు తనే చెప్పుకోలేడు. పూర్వం పండితులు పెదాలు తగలకుండా పద్యాలు చెప్పి శాలువాలు కప్పించుకునేవాళ్లట. బర్నబాసు పెదాలు తగలకుండా కూరగాయలు కొనుక్కోవలసి వచ్చింది. బెండకాయలూ బీరకాయలూ మానేసి, నోరు తిరిగినంత మేరకు దోసకాయా చిక్కుడుకాయా తిన్నాడు. మరీ తప్పనిసరైతే బొటనవేలూ చూపుడువేలూ పెట్టి రెండు పెదాల్నీ చిటికెతో నొక్కి కలిపి ఆ అక్షరం పలికేవాడు. టీకొట్టు దగ్గర అది చూసి ఎవరో కిసుక్కుమన్నాక అదీ మానేశాడు. మాటకి మెలిక పెట్టేవాడికి మూతికే మెలిక పడింది.

ఓ సాయంత్రం బ్యాండు మాస్టరు ఆదాము వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒరే, నీ ముక్కు తెనాల్లో దిగితే మూతి దుగ్గిరాల్లో దిగుతోంది. రెండూ ఒక స్టేషనుకి వచ్చేదాకా నిన్ను ముందు వరసలో ఎట్టా నిలబెట్టేదిరా? కాకుమాను నించి ఇంకొకణ్ణి తెచ్చుకున్నా. నువ్వు వెనకాల నిలబడి తాళాలు వెయ్యి."

"తాళాలా? ఇంటికి వేసుకుంటాలే" అన్నాడు బర్నబాసు, పెదాలు కలవని మాటలే ఏరుకుని.

ఆదాము నవ్వాడు. బర్నబాసు కుడి పక్క మాత్రమే నవ్వింది. ఎడమ కన్ను కారింది. అది ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి మనిషి ఏడుస్తున్నాడో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఆ జబ్బులో ఉన్న ఒకే ఒక్క సుఖం అదే.

పని పోవడం ఒక బాధ. దాన్ని మించిన బాధ రేపల్లెలో మంచం పట్టి ఉంది. ఆయన శాలేమురాజు మాస్టారు. బర్నబాసు చేతికి క్లారినెట్టు ఇచ్చి, బుగ్గ గిల్లి, వీపు మీద కొట్టి విద్య నేర్పిన మనిషి.

రేపల్లె చుట్టుపక్కల క్రైస్తవుల భూస్థాపనలో మాస్టారు పెట్టిన ఆచారం ఒకటుంది. పెట్టెను గోతిలోకి దించాక జనం ఆఖరి కీర్తన పాడతారు. క్లారినెట్టు ముందుండి వాళ్లను నడిపిస్తుంది. పాట అయిపోయాక ఆఖరి స్వరాన్ని క్లారినెట్టు ఒక్కటే పట్టుకుని నిలబడుతుంది. అందరి గుప్పిళ్లలో మన్ను ఉంటుంది. ఆ స్వరం ఆగేదాకా ఎవరూ వెయ్యరు. "పోయినవాడు తీసుకోలేని చివరి ఊపిరి అది. మనం తీసి పెడుతున్నాం" అనేవాడు మాస్టారు. ఆ ఊపిరి ఎంత పొడుగైతే పోయినవాడికి అంత మర్యాద. "మా తాతకి శాలేమురాజు ఎంతసేపు పట్టాడనుకున్నావు! చేతిలో మన్ను చెమటకి బురదైపోయింది" అని చెప్పుకునే కుటుంబాలు ఉన్నాయి అక్కడ.

బర్నబాసు భార్య పోయినప్పుడు అతను ఊదలేకపోయాడు. పండు ముసలి వయసులో మాస్టారే రేపల్లె నించి వచ్చి ఊదాడు. ఊది, స్వరం ఆగగానే సమాధుల మధ్య కూలబడ్డాడు. నీళ్లు తాగించి లేపుతుంటే బర్నబాసు చెయ్యి పట్టుకున్నాడు.

"నా మీద మట్టి పడేముందు ఆగే ఊపిరి నీదే కావాలిరా. ఇంకెవడిదీ వద్దు."

బర్నబాసు చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు. అప్పటికి మూతి తిన్నగానే ఉంది.

ఇప్పుడు మాస్టారి గుండె నీరసించింది. ఆయన భార్య సారమ్మ బాపట్లకు ఫోన్ చేస్తోంది. బర్నబాసు ఫోను ఎత్తడం మానేశాడు కాబట్టి, అక్కడ కాలేజీ ఆఫీసులో పనిచేసే అతని కూతురు దీవెనే దిక్కు.

"అమ్మా దీవెనా, ఆయన రోజూ అదే అడుగుతున్నారమ్మా. వాడి మూతి వచ్చిందా, వాడి మూతి వచ్చిందా అని. నేనేం చెప్పేది?"

దీవెన తండ్రిని బాపట్ల పిలిపించుకుంది. తన పాత లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

"నాన్నా, ఊదకుండా వాయించేది ఒకటుంది ఇందులో. సింథసైజర్ అంటారు. ఫ్రీగా దించుకున్నా."

"ఉచితంగా దొరికేది ఏదీ ఉచితంగా ఉండదు" అన్నాడు బర్నబాసు. అయినా కూర్చున్నాడు. మునిగేవాడు గడ్డిపోచ ఫ్రీయా కాదా అని చూడడు.

తెర మీద పొయ్యి తిప్పే గుండీల్లాంటివి వరసగా ఉన్నాయి. కింది వరస అక్షరాల మీటలు నొక్కితే సరిగమలు పలుకుతాయి. మొదటి మీట నొక్కగానే దోమ కూత వచ్చింది. బాపట్లలో దోమకి లాప్‌టాప్ ఎందుకు? దీవెన ఓ గుండీ తిప్పింది. ఈసారి రంపపు మిల్లు. బర్నబాసు చెవులు మూసుకున్నాడు.

"శబ్దం అల కదా నాన్నా. ఇది రంపం పళ్లలా ఉండే అల. ఇంకోటి చూద్దాం, చదరంగా ఉండేది" అని ఇంకో గుండీ నొక్కింది.

బర్నబాసు చేతులు చెవుల మీంచి జారాయి.

బోలుగా, గొట్టంలోంచి వచ్చినట్టు ఉంది. నల్లచేవ కర్రలో గాలి తిరిగినట్టు ఉంది. బొత్తిగా మొరటుది, బడితె లాంటిది, కానీ ఆ వంశానిదే.

"ఇదేనే! ఇదే, ఇదే! ఇంకాస్త చీకటి చెయ్యి దీన్ని."

చీకటి అంటే ఏంటో దీవెనకి తెలియదు. తండ్రి చేతులతో చూపిస్తే, గరుకు తగ్గించే గుండీ దొరికింది. ఆ గుండీ తిప్పుతుంటే గొంతు మెత్తబడింది. స్వరం ధన్‌మని పుట్టకుండా, గాలి తాకాక మేలుకున్నట్టు పుట్టడానికి ఇంకో గుండీ. చివర్లో సన్నగా వణకడానికి మరొకటి. ఇంకే వాయిద్యమూ లేదు, ఇంకే సాఫ్ట్‌వేరూ లేదు. ఉన్నది ఒక్క మిషను, అందులో ఒక్క గొంతు. దానికే పొద్దుటి నించి పొద్దుగూకేదాకా మూతి దిద్దుతూ కూర్చున్నాడు, తన మూతి దిద్దుకోలేనివాడు. వేళ్లకి కన్నాలు మూయడం తెలుసు, మీటలు నొక్కడం తెలియదు. నేర్చుకున్నాయి. ఆకలి వేసిన వేళ్లు ఏదైనా నేర్చుకుంటాయి.

అన్నిటికన్నా అతన్ని పిచ్చెక్కించింది ఇంకొకటి. ఈ క్లారినెట్టుకి ఆయాసం లేదు. ఎంతసేపు నొక్కితే అంతసేపు. జీవితమంతా ఊపిరితిత్తులతో బేరమాడి, ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అని గాలి అడుక్కున్నవాడికి గాలి అక్కర్లేని స్వరం దొరికింది. గోతి దగ్గర పాడే మాస్టారి కీర్తన మొత్తం ఎక్కడా తెగకుండా ఒకే దారంలా వాయించాడు. మాస్టారు స్వయంగా కట్టిన బాణీ అది. "రేవు దాపున ఉంది దేవా, చేయి అందించవా" అని మొదలవుతుంది.

ఫోన్ కలపమని సైగ చేశాడు.

"అబద్ధం కదా నాన్నా?" అంది దీవెన.

"ఆయన సంతోషంగా ఉంటాడే."

మాట దీవెనది, పాట నాన్నది. "మాస్టారుగారూ, నాన్నకి మూతి వచ్చేసిందండి, వినండి" అంది దీవెన. బర్నబాసు మొదటి నించి చివరిదాకా వాయించాడు. అవతలినించి ముసలి గొంతు వినిపించింది.

"చక్కగా ఉందని చెప్పమ్మా వాడికి. ఊపిరి... బాగా పెరిగిందని చెప్పు."

బర్నబాసు లాప్‌టాప్ మీద తల ఆనించి, ఆ వాలిన మూతితోనే నవ్వాడు.

ఆ వారం తిరక్కుండానే మాస్టారు ప్రభువునందు నిద్రించాడు.

తెనాలిలో రేపల్లె రైలెక్కాడు బర్నబాసు. ఒక సంచిలో లాప్‌టాప్, ఒక పెట్టెలో క్లారినెట్టు. పక్కన దీవెన. వేమూరు దాటాక ఆశ చావక తలుపు దగ్గరికి వెళ్లి క్లారినెట్టు బిగించాడు. నోట్లో పెట్టుకుని, ఎడమ పక్క పెదవిని చేత్తో పైకి నొక్కిపట్టి, ప్రాణమంతా పోగుచేసి ఊదాడు. గాలి వేళ్ల సందుల్లోంచి బుస్సుమంది.

"ఏంటి బాబాయ్, పంక్చరా?" అన్నాడు మెట్టు మీద కూర్చున్న పాలమనిషి, వెనక్కి తిరక్కుండానే.

మళ్లీ ఊదాడు. భట్టిప్రోలు వచ్చేదాకా ఊదుతూనే ఉన్నాడు. చొంగ కారి చొక్కా తడిసింది. పాలమనిషి తిరిగి చూసి, నోరు మూసుకుని, తన తువ్వాలు తీసి ఇచ్చాడు. దీవెన వచ్చి క్లారినెట్టు విప్పి పెట్టెలో పెట్టింది. పెట్టె మూసేటప్పుడు అతను చూడలేకపోయాడు. ఇంకో పెట్టె అక్కడ మూయడానికి సిద్ధంగా ఉంది కదా.

రేపల్లెలో సమాధుల దొడ్డి కిక్కిరిసింది. బర్నబాసుకి మూతి వచ్చిందట, ఊదబోతున్నాడట అని ఊరంతా అనుకుంటోంది. ఆదాము బ్యాండు మొత్తంతో వచ్చాడు. కాకుమాను అతను క్లారినెట్టు చంకలో పెట్టుకుని మర్యాదగా వెనక నిలబడ్డాడు. బర్నబాసు ముఖం కనబడగానే గుసగుసలు ఆగాయి. సంచిలోంచి లాప్‌టాప్ బయటికి రాగానే మళ్లీ మొదలయ్యాయి.

"లాప్‌టాప్పేంటి?"

"పరలోకానికి మెయిలు పెడతాడేమో."

"ఊరుకోండర్రా!"

సువార్త కూడికలకు వాడే చక్రాల స్పీకరు పెట్టెకి దీవెన వైరు తగిలించింది. పక్క సమాధి పలక మీద లాప్‌టాప్ పెట్టుకుని బర్నబాసు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించారు. మోకులు జారాయి. పెట్టె కిందికి దిగింది. అందరూ వంగి గుప్పెడు మన్ను తీసుకున్నారు.

బర్నబాసు మీట నొక్కాడు.

మొదటి వరసకి జనం ఉలిక్కిపడ్డారు. అచ్చం క్లారినెట్టే! ఎవరో "స్తోత్రం" అన్నారు. గొంతులు కలిశాయి. రేవు దాపున ఉంది దేవా... పాట లేచింది.

వరస చివర జనం గాలి పీల్చుకున్నారు. క్లారినెట్టు పీల్చుకోలేదు. బాపట్లలో దిద్దుకున్నట్టే, గురువుకి అందరికన్నా పెద్ద మర్యాద చేయాలని, ఎక్కడా తెగకుండా రెండో వరసలోకి వెళ్లిపోయింది. జనం పరిగెత్తి అందుకున్నారు. ఆ వరస చివర మళ్లీ అంతే. ముందున్న ముసలమ్మలు మాటలు మింగారు. మగవాళ్లు సగం ముందుకి దూకారు, సగం వెనకే ఉండిపోయారు. ఒకే పాట రెండు పాటలైంది, నాలుగైంది. ఎవరో పొలమారి దగ్గారు. మూడో వరస మధ్యలో గొంతులన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. స్పీకరు ఒక్కటే మోగుతోంది, నున్నగా, ఆయాసం లేకుండా.

"ఒరే ఆపరా! మనుషుల్రా పాడేది!" అన్నాడు ఆదాము.

బర్నబాసు చేతులు తీశాడు. గాలి కూడా కదలడం లేదు. గోతిలో పెట్టె, గట్టు మీద జనం, గుప్పిళ్లలో మన్ను. తన గురువు పాటని తన గురువు గోతి దగ్గర తనే చంపాడు.

సారమ్మ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"నీకు చెప్పకూడదనుకున్నా నాయనా. ఆయనకి ఆ రోజు ఫోనులోనే తెలిసిపోయింది."

బర్నబాసు తలెత్తాడు.

"ఇంత పాటలో ఒక్కసారన్నా గాలి పీల్చలేదు సారా, వీడు ఊదడం లేదు, వీడి మూతి రాలేదు అన్నారు. ఏదో మిషను పెట్టి నన్ను ఊరడిస్తున్నాడు అన్నారు. గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చారు."

ఆయన సంతోషంగా పోయాడన్న ఒక్క ముక్క పట్టుకునే బర్నబాసు తెనాలి నించి ఇక్కడిదాకా రాగలిగాడు. ఆ ముక్కా చేతిలోంచి పోయింది. ఆ గోతిలో ఇంకొకరికి చోటుందా అన్నట్టు అటు చూశాడు.

"మరి ఇంకెవరినైనా..." అని సారమ్మ కాకుమాను అతని వైపు చూసి, తనే తల అడ్డంగా ఊపింది. "వద్దు. వాణ్ణే రమ్మను అన్నారు. ఏది తెచ్చుకున్నా సరే, ఊపిరి మాత్రం తీసుకోమను అన్నారు."

బర్నబాసు కళ్లు తుడుచుకున్నాడు. వెనక్కి వాలి, నిజంగా ఊదబోయేవాడిలా గుండె నిండా గాలి తీసుకున్నాడు. మీట నొక్కాడు. నొక్కుతూనే ఆ గాలిని మెల్లగా వదిలాడు. అది మూతి వారనుంచి ఉస్సుమని కారిపోతూ ఉంది. మునుపు ఒక్క ఊపిరిలో రెండు వరసలు పట్టేవాడు, ఇప్పుడు సగం వరస కూడా రావడం లేదు. గాలి అయిపోయిన చోటల్లా వేలు తీశాడు. మళ్లీ పీల్చాడు. మళ్లీ నొక్కాడు. పాట కుంటింది. పక్షవాతం వచ్చిన క్లారినెట్టు అది.

జనం అతని భుజాలు చూశారు. భుజాలు లేచినప్పుడు వాళ్లూ గాలి పీల్చారు. ముసలమ్మలకి ఆ కుంటి నడక సరిపోయింది. రేవు దాపున ఉంది దేవా. ఆగి, ఆయాసపడి, మళ్లీ అందుకుని, ఒక మనిషి మెట్లెక్కినట్టు ఆ పాట చివరికి చేరింది.

ఆఖరి స్వరం. జనం గొంతులు ఆగాయి. బర్నబాసు చూపుడువేలు మీట మీద ఉంది.

అతని ఊపిరి వెంటనే అయిపోయింది. వేలు తీయాలి.

తీయలేదు.

తీస్తే మట్టి పడుతుంది. తీయకపోతే పడదు. ఇంత సులువైన లెక్క అతనికి ఎప్పుడూ దొరకలేదు. భార్య గోతి దగ్గర మాస్టారి గుండె పగిలేదాకా పట్టిన స్వరం కూడా ఆగింది, మట్టి పడింది. ఇది ఆగనక్కర్లేదు. ఛార్జింగు ఉన్నంతసేపు మాస్టారు మట్టి కిందికి పోడు. స్పీకరు మోగుతూ ఉంది. జనం కదలకుండా నిలబడ్డారు. అయ్యగారు పుస్తకం మూసి, తెరిచి, మళ్లీ మూశారు. ఎవరో మన్ను ఇంకో గుప్పిట్లోకి మార్చుకున్నారు. "నాన్నా" అంది దీవెన వెనకనించి. అతను వినలేదు. తనకి గాలి అందక కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. కొత్త ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయాడు.

అప్పుడు పక్కనే ఉన్న సారమ్మ చెయ్యి కనబడింది. ముసలి వేళ్లు బిగుసుకోవు. వాటి సందుల్లోంచి మన్ను సన్నగా జారుతోంది, అతని మూతి వారనుంచి గాలి జారినట్టే. ఆమె ఇంకో చెయ్యి కింద పెట్టి ఆపాలని చూస్తోంది. అయినా జారుతోంది. ఆ చేతిలో ఇంక చిటికెడే మిగిలింది. మొగుడి మీద వెయ్యాల్సిన మన్ను సమాధి పలక మీద పడిపోతోంది.

బర్నబాసు వేలు తీశాడు.

సారమ్మ ముందుకి వంగి ఆ చిటికెడు మన్నూ వేసింది. చప్పుడు కూడా రాలేదు. ఆ తర్వాత అందరూ వేశారు. అప్పుడు వచ్చింది చప్పుడు.

జనం పల్చబడ్డాక ఆదాము వచ్చి ఏదో అనబోయి, అనకుండా, లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టాడు. బర్నబాసు గట్టు మీదికి పాక్కుంటూ వెళ్లాడు. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి, అందరూ చూస్తుండగానే, రెండు పెదాల్నీ చిటికెతో నొక్కి కలిపాడు.

"మాస్టారూ" అన్నాడు.